ఒక్కరికోసం చారు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు డి.ఎ. గురించి, వైద్య సదుపాయాల గురించి, కోర్టుల్లో నడుస్తున్న కేసుల గురించి చెప్పవలసినదంతా చెప్పారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని తీర్పు చెప్పింది కనుక ఈ రోజు మనకు పండుగ. మొన్న కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమ్మా, అందరూ అంకెలే చెబుతారు, మీరు కాస్త ఇంటి సంగతులు చెప్పండి" అన్నారు. నాకు గట్టిగా తెలిసినవి రెండే. ఒకటి టెలిఫోన్ బోర్డు, రెండోది పొయ్యి. ఆ బోర్డులు ఎప్పుడో పోయాయి. పొయ్యి ఇంకా ఉంది. అందుచేత ఈ పది నిమిషాలూ చారు గురించి మాట్లాడతాను.

నవ్వుతున్నారు. నవ్వండి. మనవాళ్ళకు చారంటే మొదటినుంచీ కాస్త చులకనే. "చారునీళ్ళు" అంటాం. పెళ్ళి భోజనాల్లో చారు వచ్చేసరికి సగంమంది పెరుగు బకెట్టు ఎక్కడుందా అని చూస్తూ ఉంటారు. అదే హోటలుకు వెళితే ముందుగా చిన్న గిన్నెలో సూప్ తెచ్చి పెడితే, దానికి వేరే చెంచా, వేరే మర్యాద, వేరే బిల్లు. మద్రాసులో కాపురమున్న ఇంగ్లీషు దొరలు మన మిరియాల చారువంటి దాన్నే తాగి, "మిళగు తణ్ణి" అనే అరవమాట నోరు తిరక్క "మలగటాని" అని, అందులో మాంసం ముక్కలు కూడా వేసి, సూప్ చేసుకున్నారు. మిళగు అంటే మిరియం, తణ్ణి అంటే నీళ్ళు. అంటే వాళ్ళు సీమకు పట్టుకుపోయింది కూడా మిరియపు నీళ్ళనే.

ఏటా మన ఈ పండుగ వచ్చేసరికి ధనుర్మాసం కూడా మొదలవుతుంది. డిసెంబరు 16 ప్రాంతంలో నెల పట్టిందంటే భోగిదాకా తెల్లవారుజామున గుళ్ళో తిరుప్పావై, ఆ వెంటనే కట్టెపొంగలి. మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసిన ఆ పొంగలి దొప్పలో పెట్టి ఇస్తే చేతులు కాలుతున్నా వదలబుద్ధి అయ్యేది కాదు.

మాది గుడివాడ తాలూకాలో ఒక పల్లె. నేను 1948లో పుట్టాను. నెల పట్టిన దగ్గరనుంచి మాకు, అంటే ఆడపిల్లలకు, నిద్ర ఉండేది కాదు. నాలుగింటికి లేచి కళ్ళాపి చల్లి, ముగ్గులు పెట్టి, ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి వాటిమీద గుమ్మడిపూలు గుచ్చాలి. మంచులో తడిసిన గుమ్మడిపూవు కోస్తే వేళ్ళు కొంకర్లు పోయేవి. సాయంత్రం ఆ గొబ్బెమ్మలనే పిడకలుగా గోడకు కొట్టి, ఎండాక దండలు గుచ్చి భోగిమంటలో వేసేవాళ్ళం. తెల్లవారేసరికి హరిదాసు వచ్చేవాడు. తలమీద రాగి అక్షయపాత్ర, ఒక చేత తంబుర, ఒక చేత చిడతలు, కాళ్ళకు గజ్జెలు. పాటే తప్ప మాట ఉండదు. ఎంత బరువైనా పాత్ర దించడు. పిల్లలం దోసిట్లో బియ్యం పట్టుకువస్తే మోకాలిమీద వంగి మా చేతులకు అందేలా కూర్చునేవాడు.

ఇంతకీ చారు ఎక్కడుందంటారా? పెరట్లో ఉంది.

ఆ రోజుల్లో కోతలయి, కుప్పలు వేసి, నూర్పిళ్ళు మొదలయ్యే సమయం కూడా ఇదే. ఎడ్లకు ఊపిరి సలపని పని. అంచేత వాటికి ఉలవలు పెట్టాలి. మా ప్రాంతం మాగాణి, ఉలవలు మెట్టప్రాంతాల పంట. వానలు మొగం చాటేసినా నాలుగు గింజలు చేతికిచ్చే పంట అది. బస్తా కొని అటకమీద పెట్టేవారు. సాయంత్రం ఉలవల్లో రాళ్ళేరి, కడిగి, పెద్ద కుండలో నిండుగా నీళ్ళు పోసి, పెరట్లో దాలిగుంటలో పెట్టేవారు. దాలి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. నేలలో చిన్న గుంట తీసి, పిడకలు పేర్చి నిప్పు వేస్తారు. మంట రాదు, కణకణలాడుతూ రాత్రంతా కాలుతూనే ఉంటుంది. పాలు ఎర్రగా కాగేదీ దానిమీదే, ఉలవలు ఉడికేదీ దానిమీదే. తెల్లవారేసరికి గింజలు మెత్తబడి ఎడ్ల గాబులోకి వెళ్ళేవి. మిగిలిన నీళ్ళు, ఎర్రగా, కాస్త చిక్కగా, అదొక మట్టివాసనతో, ఇంట్లోకి వచ్చేవి. ఆ నీళ్ళే ఉలవకట్టు. ఎడ్ల మేతలోంచి మనం తీసుకున్న వాటా అన్నమాట.

మా అమ్మ దాన్ని చారుగా చేసే తీరు చెబుతాను. ఉలవకట్టు వడకట్టి, చింతపండు పులుసు పోసి, ఉల్లిపాయలు పెద్ద ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, పసుపు, చిన్న బెల్లంముక్క వేసి పొయ్యిమీద పెట్టేది. ఇక దాన్ని కదిలించేది కాదు. సగానికి సగం మరిగి, గరిటెకు అంటుకునేదాకా ఆగాలి. తరువాత ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, దంచిన వెల్లుల్లి, కరివేపాకు పోపు. వేడన్నంలో పోసుకుని, మధ్యలో గుంట చేసి వెన్నముద్ద వేస్తే అది కరిగి అంచులకు పారేది. వెన్న లేనినాడు మీగడ. రెండూ లేనినాడు ఉత్తిదే తినేవాళ్ళం, అదీ బాగానే ఉండేది.

ఇప్పుడు గ్యాసుపొయ్యిమీద అంతసేపు ఎవరు కాస్తారని అడుగుతారు. ఒక గ్లాసు ఉలవలు రాత్రి నానబెట్టి, ఎనిమిది గ్లాసుల నీళ్ళతో, పెద్ద కుక్కరుంటే ఒకసారిగా, లేకపోతే రెండు వాయిలుగా, సన్నని సెగమీద ముప్పావు గంట ఉంచండి. ఆవిరంతా పోయాక తీసి, గింజల్లోంచి గుప్పెడు మెత్తగా రుబ్బి ఆ నీళ్ళలోనే కలిపితే చిక్కదనం వస్తుంది. దాలికి సాటి కాదు గాని, ఎనభై పాళ్ళు వస్తుంది. మిగిలిన గింజలకు పోపు పెట్టి కొబ్బరి చల్లితే గుగ్గిళ్ళు. ఎడ్లు లేవు కనుక వాటి వాటా కూడా మనదే. సీసాల్లో అమ్మే ఉలవచారు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఉలవచారు బిర్యానీ అని మాత్రం ఒకటి వచ్చింది, మా మనవడు తినిపించాడు. దాని గురించి నా అభిప్రాయం అడగకండి.

చారు సంగతిలో గిన్నె సంగతి కూడా చెప్పాలి. స్టీలు రాకముందు మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలు. ఇత్తడిలో చింతపండు పులుసు పడితే చిలుము వస్తుంది, రుచి చెడుతుంది, తిన్నవారికి వాంతులవుతాయి. అందుకని లోపల కళాయి పూయించాలి. సంక్రాంతి ముందు కళాయి వేసేవాడు చెట్టుకింద గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గుల నిప్పు రాజేసేవాడు. గిన్నె బాగా కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో గిర్రున తిప్పితే లోపలంతా వెండిలా అయిపోయేది. తెల్లటి పొగ, ముక్కు అదిరే వాసన. పిల్లలందరం చుట్టూ గొంతుకు కూర్చునేవాళ్ళం. పండుగకు కొత్తబట్టల సంగతి ఎలాగున్నా, చారుగిన్నెకు కొత్త కళాయి మాత్రం తప్పేది కాదు.

1957లో దసరా వెళ్ళిన పదిరోజులకు మా నాన్న పోయారు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు, చెల్లికి మూడు. మూడెకరాల భూమి కౌలుకు వెళ్ళింది. ఎడ్లను అప్పుకింద అమ్మేశారు. ఎడ్లు వెళితే ఉలవలు వెళ్ళాయి, దాలి ఆరిపోయింది. ఏడాది మైల కనుక ఆ ఏడు మా వాకిట్లో ముగ్గులేదు, గొబ్బెమ్మ లేదు. వీధంతా ముగ్గులు, మా గుమ్మం ముందు మాత్రం ఉత్త కళ్ళాపి. హరిదాసు ముగ్గులేని ఇంటిముందు ఆగడేమోనని నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. ఆగాడు. రోజూ ఎంతసేపు పాడతాడో అంతసేపూ పాడాడు. అమ్మ లోపలినుంచి బియ్యం తెచ్చి నా చేతుల్లో పోసింది. ఎప్పటిలా దోసెడే.

మా ఊళ్ళో ఉలవకట్టు అమ్మడం నేను చూడలేదు. ఎడ్లున్న ఇంటికి ఎడ్లు లేనివాళ్ళు పొద్దున్నే చెంబు పట్టుకుని వెళితే పోసేవారు. కాని నిన్నటిదాకా చెంబులో పోసిన ఇల్లాలు ఇవాళ చెంబు పట్టుకుని వెళ్ళడమంటే మాటలా? మా అమ్మ వెళ్ళలేదు. మమ్మల్నీ పంపలేదు. నాలుగోరోజో అయిదోరోజో, వెనకవీధిలో పెద్దమ్మ, ఆవిడ మాకు చుట్టం కాదు, ఊరివరస, కొడుకుచేత నిండు చెంబు పంపింది. "ఎడ్లు తాగక మిగిలిపోతున్నాయంట, పారబొయ్యకుండా తీసుకోమంది" అని ఆ అబ్బాయి అప్పజెప్పి వెళ్ళాడు. ఉలవనీళ్ళు మిగలడమేమిటి? మిగిలితే కుడితిలో కలుపుతారు. అది అమ్మకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. అమ్మ చెంబు కడిగి, అందులో రెండు నిమ్మకాయలు, నాలుగు కరివేపాకు రెమ్మలు వేసి పంపించింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. మర్నాడు మళ్ళీ చెంబు వచ్చింది. ఆ చలికాలమంతా ఆ చెంబు మా ఇంటికీ ఆ ఇంటికీ నడిచింది. నిమ్మకాయలు అయిపోయాక కరివేపాకు, ఒకనాడు గుప్పెడు గోంగూర, ఏమీ లేనినాడు ముగ్గుపిండి. ఆ ఏడు ముగ్గుపిండి మాకెలాగూ అక్కరలేదు మరి. సంక్రాంతికి ఊళ్ళో పిండివంటలన్నీ మా ఇంటికే వచ్చాయి. మైల ఉన్న ఇంట్లో వండకూడదు గాని, ఇరుగుపొరుగు పెడితే తినవచ్చు. కనుమనాటి మినపగారెలు ఎన్ని వచ్చాయంటే తమ్ముడు లెక్కపెట్టి, నాన్న ఉన్నప్పటికన్నా ఎక్కువే ఉన్నాయన్నాడు. అమ్మ మొహం అటు తిప్పుకుంది.

ఉద్యోగం సంగతికి వస్తాను. 1968లో నేను టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. బెజవాడ ట్రంక్ ఎక్స్ఛేంజి. మీలో చాలామందికి తెలుసు, చెవులకు హెడ్ సెట్, ఎదురుగా తీగల బోర్డు, ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాల కాల్స్. అవతల ఊరి ఆపరేటరుకు వినబడాలంటే గొంతు చించుకోవాలి. ఆపరేటరుకు గొంతే అన్నం పెట్టేది. చలికాలం రాగానే సగం బోర్డుకు గొంతు బొంగురు. అప్పుడు మా సీనియరు ఒకావిడ పెద్ద ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చేవారు. టీ విరామంలో గ్లాసున్నర గ్లాసు తాగి మళ్ళీ "హలో ఏలూరు, హలో ఏలూరు" అంటూ కూర్చునేవాళ్ళం. ఆవిడ దగ్గర నేర్చుకున్న చారే ఇప్పుడు చెప్పేది. ఒక్కరికి సరిపోయే కొలత చెబుతాను, ఎందుకో తరువాత చెబుతాను.

చిన్న ఉసిరికాయంత చింతపండు గ్లాసున్నర నీళ్ళలో నానేయండి. అర చెంచా మిరియాలు, అర చెంచా జీలకర్ర, మూడు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తని పొడి చేశారో, చారు బురదగా అయి కారం గొంతులో పట్టుకుంటుంది. చింతపండు పిసికి పిప్పి తీసేసి, చిటికెడు పసుపు, ఉప్పు, కరివేపాకు కాడలతో సహా వేసి అయిదారు నిమిషాలు మరగనివ్వండి. పచ్చి పులుపువాసన పోవాలి. అప్పుడు దంచినది వేసి, ఒక్క పొంగు రాగానే దించేయాలి. దంచినది వేశాక ఎక్కువసేపు మరిగిస్తే చేదెక్కుతుంది. నేతిలో ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఇంగువ పోపు పెట్టి వెంటనే మూత పెట్టండి. ఆ మూత కింద అయిదు నిమిషాలు ఉండడమే చారుకు ప్రాణం. మొత్తం పదిహేను నిమిషాల పని. టీవీలో రెండు ప్రకటనల విరామాలు.

మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చి సుమారు అయిదు వందల ఏళ్ళు. అంతకుముందు మన కారమంతా మిరియం, శొంఠి, పిప్పళ్ళే. ఎండుమిరపకాయ వెయ్యకపోయినా మిరియాల చారు చారే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను బందరు ఎక్స్ఛేంజిలో ఉన్నాను. గాలికి లైన్లన్నీ పడిపోయాయి. బోర్డుమీద ఏ తీగ గుచ్చినా చప్పుడు లేదు. అవనిగడ్డవైపునుంచి ఏ కబురూ లేదు. తరువాత తెలిసింది, కబురు చెప్పడానికి కొన్ని ఊళ్ళలో మనుషులే మిగల్లేదని. వేలమంది పోయారు. మా పక్కింటివారి చుట్టాలు ఇద్దరు, భార్యాభర్తలు, ఎలాగో నడిచి బందరు చేరారు. పిల్లలు ఇద్దరూ లేరు. ఏ పదార్థం పెట్టినా మింగలేకపోయారు. నేను మెత్తటి అన్నం చారులో పిసికి, పలచగా చేసి గ్లాసులో ఇస్తే ఆవిడ రెండు గుక్కలు తాగింది. మూడు రోజులు అదే. నేను చేసిన వంటలన్నిటిలోకీ నాకు గుర్తున్నది ఆ రెండు గుక్కలే.

ఇక ఒక్కరి కొలత ఎందుకు చెప్పానో చెబుతాను. 2008లో నేను రిటైరయ్యాను. 2016లో మావారు పోయారు. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాదులో. ఇద్దరూ రమ్మన్నారు, నాలుగు నెలలు అక్కడ, నాలుగు నెలలు ఇక్కడ ఉండి చూశాను, మా ఇంటికి నేను వచ్చేశాను. పొద్దున ఏదో వండుకునేదాన్ని. రాత్రి మాత్రం పొయ్యి వెలిగించబుద్ధి అయ్యేది కాదు. ఒక్కదానికోసం గిన్నె పెట్టడమేమిటి, మళ్ళీ తోముకోవడమేమిటి, అని రెండు బిస్కెట్లు, అరగ్లాసు పాలు. వంట అంటే ఎవరికో పెట్టడం అనే అలవాటులో నలభై ఏళ్ళు గడిచినవాళ్ళం. పెట్టడానికి ఎదురుగా మనిషి లేకపోతే చెయ్యి కదలదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదని ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి తెలుసు. అమ్మాయి ఫోన్ చేసి "తిన్నావా" అంటే "తిన్నాను" అంటాం. అది అబద్ధం కాదు, బిస్కెట్లు కూడా తిండే.

2017 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్ళి, మెట్లమీద కళ్ళు తిరిగి కూలబడ్డాను. బతికే ఉన్నానని రాసివ్వడానికి వెళ్ళి అక్కడే పోయేదాన్నని తరువాత నవ్వుకున్నాం గాని, అప్పుడు నవ్వు రాలేదు. డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేసి, బరువు చూశారు. యాభై రెండు కిలోలదాన్ని నలభై నాలుగయ్యాను. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, "రాత్రిపూట ఏం తింటున్నారు?" అని.

ఆ కబురు నా పాత స్నేహితురాలికి తెలిసింది. ట్రంక్ బోర్డులో నా పక్క సీటు. ఆవిడా ఒక్కతే, మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం చిన్న క్యారేజీతో వచ్చింది. కార్తీకం ఇంకా వెళ్ళలేదు, ఉసిరికాయ చారు కాచింది. రెండు పెద్ద ఉసిరికాయలు ఉడకబెట్టి, గింజ తీసి, మెదిపి, కందిపప్పు కట్టులో కలిపి, మిరియాలు, జీలకర్ర వేసి కాస్తారు. చింతపండు అక్కరలేదు. రాత్రిపూటా, ఆదివారంనాడూ ఉసిరికాయ తినకూడదని పెద్దలంటారు కనుక మధ్యాహ్నమే తెచ్చింది. ఎదురుగా కూర్చుని, నేను తినేదాకా కదల్లేదు. "రేపు నీ వంతు, నాకు మిరియాల చారు కావాలి, సాయంత్రం ఏడింటికల్లా పంపు" అంది. పంపకపోతే ఊరుకునే మనిషి కాదు, ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. ఏడింటికల్లా పంపాను. ఆవిడకోసం కాచింది నాకూ మిగిలింది. క్యారేజీ తిరిగి వచ్చినప్పుడు అందులో నాలుగు కరివేపాకు రెమ్మలున్నాయి.

ఇప్పుడు మా కాలనీలో అయిదుగురం అయ్యాం. వారానికి ఒకరి ఇంట్లో ఒకరోజు, ఆ రోజు అయిదుగురికి చారు. శని, ఆదివారాలు ఎవరిది వారిదే. ఒకావిడ వరంగల్లువైపు మనిషి. చారు కాచే ఓపిక లేనినాడు పచ్చిపులుసు చేసి పంపుతుంది, పొయ్యి వెలిగించకుండా. చలికాలంలో పచ్చిపులుసేమిటని నేను పోట్లాడతాను. ఆవిడ నన్ను లెక్కచెయ్యదు. ఇంకొకాయన లైన్ మన్ గా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య మూడేళ్ళనుంచి మంచంమీద ఉన్నారు. డెబ్భై రెండో ఏట ఆయన చారు నేర్చుకున్నారు. ఆవిడ మంచంమీదనుంచే, "చింతపండు ఇంకా మరగలేదు, పచ్చివాసన వస్తోంది", "పోపు దించండి, మాడుతోంది" అని చెబుతారు. ముక్కుతోనే వంట చేయిస్తున్నారు. మా అయిదుగురిలో మంచి చారు ఎవరిదంటే ఆ ఇంటిదే. మగవాళ్ళు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. స్తంభాలెక్కిన చెయ్యి పోపు పెట్టలేదా?

కొన్ని జాగ్రత్తలు. మన వయసులో చారుకు శత్రువు ఉప్పు. బజారు చారుపొడుల్లో చాలావాటికి ఉప్పు ముందే కలిపి ఉంటుంది. ప్యాకెట్టు వెనక చదివి, మళ్ళీ ఉప్పు వెయ్యకండి. బి.పి. ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించి నిమ్మరసం దించాక పిండుకుంటే లోటు తెలియదు. షుగరు ఉన్నవాళ్ళు ఉలవచారులో బెల్లం మానేసి, అన్నం తగ్గించి చారు గ్లాసులో తాగండి. కడుపులో మంట ఉన్నవాళ్ళు మిరియం సగమే వేసుకోండి. మూత్రపిండాల జబ్బు, యూరిక్ ఆసిడ్ ఉన్నవాళ్ళు ఉలవల సంగతి డాక్టరును అడిగిగాని మొదలుపెట్టవద్దు. చారు మందు కాదు. జలుబు తగ్గుతుందని నేను చెప్పను, జలుబు దాని టైము ప్రకారం అదే తగ్గుతుంది. వేడిగా ఉంటుంది, గొంతు దిగుతుంది, దాంతో నాలుగు ముద్దలు అన్నం లోపలికి వెళుతుంది.

కార్యదర్శిగారి దగ్గర మన సభ్యుల జాబితా ఉంది. అందులో ఒంటరిగా ఉంటున్నవారి పేర్ల పక్కన గుర్తు పెట్టమని అడిగాను, సరేనన్నారు. ఏ వీధిలో ఎవరున్నారో చూసుకుని, ఈ నెల, అంటే భోగిదాకా, ఇద్దరిద్దరుగానో నలుగురుగానో కలిసి మొదలుపెట్టండి. పేరు ఇవ్వడానికి మొహమాటపడేవారుంటారు. వాళ్ళను అడగకండి. మిగిలిపోయిందని చెప్పి పంపండి.

వెనక బల్లమీద రెండు పెద్ద గిన్నెలున్నాయి. మా అయిదుగురం పొద్దున కాచి తెచ్చాం. ఎడమవైపుది మామూలు మిరియాల చారు, కుడివైపుది ఉప్పు తగ్గించినది, మూతమీద కాగితం అంటించాం. పోసుకునేటప్పుడు గరిటె అడుగుదాకా పెట్టి కలపండి, మిరియమంతా అడుగునే ఉంటుంది.